చెక్క ఇళ్లలో వెయ్యేళ్ల పాఠం

జర్మనీ అనగానే మన విద్యార్థులకు ముందు గుర్తొచ్చేవి కార్లు, కంప్యూటర్ కోర్సులు. అదే దేశంలో, హార్జ్ కొండల చుట్టూ ఉన్న ఊళ్లలో వందల ఏళ్ల నాటి చెక్క ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటి వెనక రాజుల చరిత్ర ఉంది, వడ్రంగుల లెక్క ఉంది. వాటిని బతికించే పని మీదే నడిచే చదువులు, కొలువులు కూడా ఉన్నాయి.

క్వెడ్లిన్‌బర్గ్ అని ఒక చిన్న ఊరు. అందులో వర్డ్‌గాసె వీధిలో మూడో నంబరు ఇల్లు చూడ్డానికి పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. నేల నుంచి పైకప్పు దాకా ఒకే ముక్కగా లేచిన చెక్క స్తంభాలు, మధ్యలో మట్టి గోడలు.. అంతే. ఊళ్లో అన్నిటికంటే పాత ఇల్లు ఇదేనని చాలాకాలం చెప్పుకునేవారు. నిపుణులు ఆ కలప నుంచి సన్నటి నమూనాలు తీసి, చెట్టు వలయాలు లెక్కపెట్టారు. ఆ చెట్లను నరికింది 1346-47 ప్రాంతంలో అని తేలింది. ఇంతకంటే పాత కలప ఉన్న ఇళ్లూ అదే ఊళ్లో బయటపడ్డాయి. దాంతో ‘అతి పాత ఇల్లు’ అన్న బిరుదు పోయింది. అయినా దాదాపు ఏడు శతాబ్దాలు నిలిచిన చెక్క ఇల్లు కదా! ఇరవయ్యో శతాబ్దంలో కూడా అందులో మనుషులు కాపురం ఉన్నారు. ఇప్పుడది చెక్క నిర్మాణాల మ్యూజియం.

చెక్కకు చెద పడుతుంది, తేమకు కుళ్లుతుంది, నిప్పుకు కాలుతుంది. మరి ఇన్నాళ్లు ఎలా నిలిచింది? జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, పాడైన భాగాన్ని మాత్రమే తీసి మార్చుకునేలా ఆ ఇంటిని కట్టారు. రెండు, మార్చడం తెలిసినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. ఈ రెండోది ఒక దశలో తెగిపోయేంత పని అయింది. ఆ కథ తెలియాలంటే ముందు ఊరి పుట్టుక తెలియాలి.

కొండ మీద రాణులు, కింద వ్యాపారులు

హార్జ్ అనేది ఉత్తర జర్మనీలోని ఒక పర్వత ప్రాంతం. అందులో ఎత్తైన శిఖరం బ్రోకెన్, 1,141 మీటర్లు. ఆ కొండల అంచుల్లో క్వెడ్లిన్‌బర్గ్, గోస్లార్, వెర్నిగెరోడె, హాల్బర్‌స్టాట్ లాంటి ఊళ్లు ఉన్నాయి.

క్రీ.శ. 919లో సాక్సనీ డ్యూక్ హైన్రిష్ రాజయ్యాడు. తనను రాజుగా ఎన్నుకున్నారన్న కబురు వచ్చేసరికి ఆయన పిట్టలు పట్టుకుంటున్నాడని జనం కథగా చెప్పుకుంటారు. అందుకే ‘పిట్టల వేటగాడు’ అన్న పేరు మిగిలిపోయింది. క్వెడ్లిన్‌బర్గ్ పేరు పత్రాల్లో తొలిసారి కనిపించేది 922లో. రాజుకు ఈ ఊరంటే ఇష్టం. 936లో ఆయన చనిపోతే ఇక్కడి కొండ మీదే సమాధి చేశారు. అదే ఏడాది ఆయన కొడుకు ఒట్టో, తల్లి మటిల్డె కోరిక మీద ఆ కొండపై ఉన్నత కుటుంబాల స్త్రీల కోసం ఒక మఠం స్థాపించాడు.

మఠం అంటే ప్రార్థనలతో సరిపెట్టుకునే చోటు అనుకోవద్దు. అక్కడి స్త్రీలు కావాలనుకుంటే బయటికొచ్చి పెళ్లి చేసుకోవచ్చు. మఠాధిపతికి చుట్టుపక్కల భూముల మీద పాలనాధికారం ఉండేది. తర్వాతి కాలంలో సామ్రాజ్య సభలో ఆమెకంటూ స్థానం ఉండేది. తొలి మఠాధిపతి ఒట్టో కూతురే, ఆమె పేరు కూడా మటిల్డె. 997లో చక్రవర్తి మూడో ఒట్టో ఇటలీ వెళ్తూ రాజ్య వ్యవహారాలు ఈ మేనత్త చేతిలో పెట్టాడు. మఠంలో స్త్రీల పాలన పంతొమ్మిదో శతాబ్దం మొదలయ్యేదాకా, అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్లు సాగింది.

994లో మూడో ఒట్టో ఈ మఠానికి సంత జరుపుకునే హక్కు, నాణేల ముద్రణ హక్కు, సుంకాల హక్కు ఇచ్చాడు. ఊరు ఊరుగా ఎదిగింది ఆ కాగితంతోనే. సంత ఉంటే వ్యాపారులు వస్తారు, వ్యాపారులకు ఇళ్లు కావాలి, ఇళ్లకు వడ్రంగులు కావాలి. సరిగ్గా వెయ్యేళ్ల తర్వాత, 1994లో ఈ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఊరు బలపడ్డాక కొండ మీది పెత్తనం నచ్చలేదు. 1426లో క్వెడ్లిన్‌బర్గ్ ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి ‘హాన్స’లో చేరింది. మార్కెట్లో కత్తి పట్టిన రోలాండ్ విగ్రహం నిలబెట్టింది. ‘మేం స్వతంత్రులం’ అని చెప్పే గుర్తు అది. 1477లో మఠాధిపతి హెడ్విగ్ తన సోదరులైన సాక్సనీ పాలకుల సైన్యాన్ని పిలిపించింది. ఊరు ఓడిపోయింది, హాన్స నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, రోలాండ్‌ను పడగొట్టారు. ఆ విగ్రహం ఇప్పుడు మళ్లీ టౌన్‌హాల్ దగ్గర నిలబడి ఉంది. రాజకీయంగా ఓడినా వ్యాపారం ఆగలేదు. ఇళ్లు కడుతూనే ఉన్నారు. ఈరోజు ఊళ్లో రెండు వేలకు పైగా చెక్క చట్రం ఇళ్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మధ్యయుగం తర్వాత కట్టినవే. వీధుల గీత, సంత స్థలం, కొండ కింద ఊరు అన్న అమరిక మాత్రం మధ్యయుగానివి.

వెండి గని పక్కన చక్రవర్తి

క్వెడ్లిన్‌బర్గ్‌కు పడమర వైపు, కొండల అవతలి అంచున ఉన్న గోస్లార్‌ది వేరే కథ. దాని పక్కనున్న రామెల్స్‌బర్గ్ కొండలో వెండి, రాగి, సీసం దొరికాయి. పదో శతాబ్దంలో మొదలైందని చెప్పే ఆ తవ్వకం 1988లో గని మూసేదాకా నడిచింది. వెండి ఉన్నచోట రాజు ఉండక మానడు. పదకొండో శతాబ్దంలో చక్రవర్తి మూడో హైన్రిష్ ఇక్కడ పెద్ద రాజభవనం కట్టించాడు. గని, పాత ఊరు రెండూ 1992లో యునెస్కో జాబితాలో చేరాయి.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇక్కడ ఒక తెలిసిన పేరు తగులుతుంది. గోస్లార్‌లో 1693 నాటి పెద్ద చెక్క చట్రం ఇల్లు ఒకటుంది. దాన్ని కట్టించింది సీమెన్స్ కుటుంబం. ప్రపంచమంతా తెలిసిన సీమెన్స్ కంపెనీని తర్వాత స్థాపించిన వెర్నర్ ఫాన్ సీమెన్స్‌ది ఈ వంశమే.

వెర్నిగెరోడెలో చూడాల్సింది టౌన్‌హాల్. రెండు సూది మొనల బురుజులతో, 1498 ప్రాంతంలో ఇప్పటి రూపానికి దగ్గరగా వచ్చిన భవనం అది. అదే ఊళ్లో మూడు మీటర్లకంటే తక్కువ వెడల్పున్న బుల్లి ఇల్లు కూడా ఉంది. అంటే ఈ నిర్మాణ పద్ధతి ధనవంతులకు ఒకటి, పేదలకు ఒకటి అని లేదు. పెద్దల భవనానికీ కూలివాడి గూటికీ సూత్రం ఒకటే.

ఎముకలు చెక్క, కండ మట్టి

ఆ సూత్రం పేరు జర్మన్‌లో ఫాఖ్‌వెర్క్. ‘ఫాఖ్’ అంటే గడి, అర. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, ఏటవాలు బద్దలు కలిపి ముందు చట్రం కడతారు. దాంతో గోడ నిండా గడులు ఏర్పడతాయి. ఇంటి బరువు మోసేది చట్రమే. గడుల్లో నింపేది గాలీ చలీ రాకుండా ఆపడానికి.

గడులు నింపే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. నిలువు పుల్లల మధ్య సన్నటి కొమ్మలు అల్లి, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తేవారు. మన పల్లెల్లో వెదురు తడికెకు మట్టి మెత్తి, అలికి గోడ చేసినట్టే. పైన సున్నం వేస్తారు. తర్వాతి కాలంలో మట్టికి బదులు ఇటుకలు వచ్చాయి.

సివిల్ విద్యార్థులు గమనించాల్సింది ఏటవాలు బద్దల్ని. నాలుగు చెక్కలతో చేసిన చదరపు చట్రాన్ని పక్కకు నెడితే ఒరిగిపోతుంది. మూలకు ఒక బద్ద అడ్డంగా వేస్తే త్రిభుజం అవుతుంది, ఇక కదలదు. మీరు రెండో ఏడాదిలో చదివే ట్రస్ పాఠం ఇదే. మన కశ్మీర్‌లో ధజ్జీ దీవారీ పేరుతో ఉన్న గోడల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. అక్కడ భూకంపాలను తట్టుకోవడంలో వాటికి మంచి పేరుంది.

కలప ఎక్కువగా ఓక్. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవారు, ఎందుకంటే ఎండిన ఓక్ ఉలికి లొంగదు. ఒక దూలం చివర నాలుకలా చెక్కి, ఇంకోదానిలో తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల కొట్టేవారు. ఇలాంటి అతుకుల్లో ఇనుప మేకులతో పని ఉండదు. తర్వాత కలప ఎండుతూ కుంచించుకుపోతుంది, కాస్త వంగుతుంది. పాత ఇళ్లు అటూ ఇటూ ఒరిగి ఫొటోలకు అందంగా కనిపించడానికి అదొక కారణం.

ఇంటి చట్రాన్ని ముందు ఖాళీ స్థలంలో నేల మీద పేర్చి చూసుకునేవారు. ఏ ముక్క దేనికి అతకాలో ఉలితో గుర్తులు వేసేవారు. తర్వాత విప్పి, స్థలానికి తెచ్చి, అదే వరసలో నిలబెట్టేవారు. ఇప్పుడు మనం ప్రీఫ్యాబ్రికేషన్ అంటున్నది అదే. ఆ గుర్తులు నేటికీ చాలా దూలాల మీద కనిపిస్తాయి. విప్పి వేరేచోట కట్టుకోవచ్చు కాబట్టి పాత జర్మన్ న్యాయ సంప్రదాయంలో చెక్క ఇంటిని చరాస్తి కింద లెక్కవేసేవారు. నిప్పుకు కాలేదంతా చరాస్తే అన్న అర్థంలో ఒక సామెత కూడా ఉండేది.

ఇంటి ముఖం చూసి వయసు చెప్పొచ్చు

కాస్త సాధన చేస్తే ఈ ఇళ్లను చదవడం వస్తుంది. వర్డ్‌గాసె ఇంట్లోలా స్తంభం నేల నుంచి కప్పు దాకా ఒకటే ఉంటే అది పాత పద్ధతి. దానికి పొడవాటి చెట్లు కావాలి, అంతస్తులు పెంచడం కష్టం. తర్వాత ఒక్కో అంతస్తును విడి పెట్టెలా కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలైంది. అప్పుడు పై అంతస్తును కింది దానికంటే కాస్త ముందుకు జరపొచ్చు. ఇరుకు స్థలంలో ఇంట్లో చోటు పెరుగుతుంది, కింది గోడ వానకు తడవదు.

అలా ముందుకొచ్చిన దూలాలే అలంకరణకు చోటయ్యాయి. పదహారో శతాబ్దపు ఇళ్ల మీద విసనకర్ర ఆకారంలో చెక్కిన అర్ధచంద్రపు పువ్వులు కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దపు క్వెడ్లిన్‌బర్గ్ ఇళ్లలో దూలాల కొసలు వజ్రం మొనల్లా ఉంటాయి. చాలా ఇళ్ల మీద యజమాని పేరు, కట్టిన ఏడాది చెక్కి ఉంటాయి. అయితే రాసిన ఏడాదిని గుడ్డిగా నమ్మడానికి లేదు. పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంట్లో వాడి ఉండొచ్చు. అందుకే చెట్టు వలయాల పరీక్ష అవసరం. మంచి వానలు పడిన ఏడాది వలయం వెడల్పుగా, కరవు ఏడాది సన్నగా ఉంటుంది. ఒక ప్రాంతంలో ఈ వెడల్పు, సన్నం వరస అన్ని చెట్లలో ఒకేలా నమోదవుతుంది. దూలంలోని వరసను ప్రాంతపు పట్టికతో పోలిస్తే చెట్టు నరికిన ఏడాది దొరుకుతుంది. కలపను పచ్చిగా వాడేవారు కాబట్టి ఇల్లు కట్టింది కూడా ఇంచుమించు అప్పుడే.

బాంబులు తప్పాయి.. బుల్డోజర్ మిగిలింది

1945 ఏప్రిల్ 8న బాంబు దాడిలో పొరుగునున్న హాల్బర్‌స్టాట్ పాత ఊరు చాలా వరకు కాలిపోయింది. చెక్క ఇళ్లు వందల సంఖ్యలో బూడిదయ్యాయి. క్వెడ్లిన్‌బర్గ్ మాత్రం పెద్దగా దెబ్బ తగలకుండా బయటపడింది.

యుద్ధం తర్వాత దేశాన్ని చీల్చిన సరిహద్దు హార్జ్ మీదుగానే వెళ్లింది. గోస్లార్ పశ్చిమ జర్మనీకి, క్వెడ్లిన్‌బర్గ్, వెర్నిగెరోడె తూర్పు జర్మనీకి పోయాయి. తూర్పున మరమ్మతులకు డబ్బు లేదు, సామగ్రి లేదు. అద్దెలు నామమాత్రం కాబట్టి ఇంటి మీద ఖర్చు పెట్టేవాళ్లు లేరు. కప్పు కారితే దూలం కుళ్లుతుంది, దూలం కుళ్లితే ఇల్లు కూలుతుంది. 1960ల్లో క్వెడ్లిన్‌బర్గ్ పాత ఊరిని పెద్దఎత్తున కూల్చి కొత్త కాంక్రీటు కేంద్రం కట్టాలని ప్రణాళిక వేశారు. దానికీ డబ్బు చాలక ఆగింది! అయినా 1980ల్లో కొన్ని వీధుల్లో పాత ఇళ్లు తీసేసి కాంక్రీటు పలకల ఇళ్లు కట్టారు. 1989లో ప్రభుత్వం మారే గాలి వీచినప్పుడు స్థానికులు అడ్డుపడటంతో కూల్చివేత ఆగింది.

అప్పటికి చాలా ఇళ్లు మనుషులు లేక పడిపోయే స్థితిలో ఉన్నాయి. దేశం ఏకమయ్యాక నిధులు వచ్చాయి. కానీ డబ్బుతోనే పని అయిపోదు. మట్టి మెత్తడం, ఓక్ అతుకు వేయడం, సున్నం తయారు చేయడం తెలిసిన చేతులు కావాలి. వాటిని మళ్లీ తయారు చేసుకోవాల్సి వచ్చింది. 1999లో జర్మనీలో తొలి ‘యుగెండ్‌బావ్‌హ్యుటె’ ఇక్కడే మొదలైంది. 16 నుంచి 26 ఏళ్ల యువత ఒక ఏడాది పాటు పాత కట్టడాల పని నేర్చుకుంటూ చేసే కార్యక్రమం అది. తర్వాత ఇది దేశంలోని ఇతర చోట్లకూ విస్తరించింది.

మరమ్మతులో నేర్చుకున్న పెద్ద పాఠం సిమెంటు గురించి. పాత చెక్క ఇళ్లకు ‘గట్టిగా ఉంటుంది కదా’ అని సిమెంటు పూత, గాలి ఆడని రంగులు వేసిన చోట లోపలి తేమ బయటికి పోలేదు. దూలాలు లోలోపలే కుళ్లాయి. మట్టి, సున్నం అయితే తేమను పీల్చుకుని వదిలేస్తాయి. అందుకే నిపుణులు ముందు కారణం వెతుకుతారు, తర్వాత కుళ్లినంత మేర కోసి, అదే జాతి కలప ముక్కను అతుకుతారు. మిగిలిన పాత దూలం అలాగే ఉంటుంది.

మీకు ఇందులో దారులేంటి?

*బీఆర్క్, సివిల్ వారికి:* కాట్‌బుస్‌లోని బ్రాండెన్‌బర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వరల్డ్ హెరిటేజ్ స్టడీస్ మాస్టర్స్ కోర్సు ఇంగ్లిష్‌లో ఉంది. బాంబెర్గ్ విశ్వవిద్యాలయంలో కట్టడాల పరిరక్షణ చదువు, హిల్డెస్‌హైమ్‌లో కన్జర్వేషన్ కోర్సులు ప్రధానంగా జర్మన్‌లో నడుస్తాయి. కొత్త చెక్క భవనాల వైపు ఆసక్తి ఉంటే రోజెన్‌హైమ్ టెక్నికల్ యూనివర్సిటీకి కలప ఇంజినీరింగ్‌లో పేరుంది.

*చేతిపని ఇష్టపడేవారికి:* వడ్రంగి పనిలో ‘అవుస్‌బిల్డుంగ్’ మూడేళ్లు. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు తరగతి. నెలనెలా కంపెనీయే స్టైపెండ్ ఇస్తుంది. జర్మన్ సాధారణంగా బీ1 స్థాయికి రావాలి.

*మన దేశంలోనే చదవాలంటే:* ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏల్లో, అహ్మదాబాద్ సెప్ట్‌లో కన్జర్వేషన్ పీజీలు ఉన్నాయి. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణ చూసినవారికి ఈ రంగంలో ఆర్కిటెక్టులతో పాటు సున్నం పనివారు, ఇంజినీర్లు, చరిత్రకారులు ఎలా కలిసి పనిచేస్తారో తెలుస్తుంది.

ఇక ఖర్చులు, నియమాలు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం మన విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా ఫీజు పెట్టింది. వీసాకు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్నది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క. మన డిగ్రీలకు ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలల గడువు ఇస్తారు. ఇవన్నీ మారుతుంటాయి, దరఖాస్తుకు ముందు అధికారిక వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోండి.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. కోర్సు ఇంగ్లిష్‌లో దొరికినా ఉద్యోగం ఇంగ్లిష్‌లో దొరకడం కష్టం. పాత దస్తావేజులు జర్మన్‌లో ఉంటాయి, అనుమతులిచ్చే అధికారి జర్మన్‌లో మాట్లాడతాడు, దూలం మీద నిలబడిన వడ్రంగీ అంతే. ‘అక్కడికెళ్లాక భాష నేర్చుకుందాంలే’ అనుకుంటే ఈ రంగంలో దెబ్బతింటారు. ఇక్కడున్నప్పుడే మొదలుపెట్టండి. జీతాలు సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉంటాయని కూడా లెక్కలేసుకోవద్దు. ఇది ఇష్టంతో రావాల్సిన పని.

ఈ వారం చేసి చూడండి

మీ ఊళ్లో ఒక పాత మండువా లోగిలి, లేదా మట్టి గోడల ఇల్లు వెతకండి. యజమానిని అడిగి లోపలికి వెళ్లండి. బరువు మోసేది గోడా, స్తంభమా? దూలాన్ని స్తంభానికి ఎలా అతికారు? వాన నీళ్లు ఎటు పోతున్నాయి? సిమెంటు ఎక్కడ పూశారు, అక్కడ చెక్క ఎలా ఉంది? ఏ ముక్కను తర్వాత మార్చారు? చేత్తో బొమ్మ గీసి, కొలతలు రాసి, ఫొటోలు జత చేయండి. ఇలాంటివి నాలుగైదు ఉంటే మాస్టర్స్ దరఖాస్తుకు పోర్ట్‌ఫోలియో మొదలైనట్టే.

ఆ ఇల్లు వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. కొలతలు రాసుకోవడానికి ఇప్పుడే వెళ్లండి.

గుర్తుంచుకోండి

ఫాఖ్‌వెర్క్: బరువు మోసే చెక్క చట్రం, గడుల్లో మట్టి లేదా ఇటుక నింపిన నిర్మాణం.

డెండ్రోక్రోనాలజీ: చెట్టు వలయాలతో కలప వయసు తేల్చే శాస్త్రం.

హాన్స: మధ్యయుగంలో ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి.

అవుస్‌బిల్డుంగ్: కంపెనీలో పని, తరగతిలో చదువు కలిసిన జర్మన్ వృత్తి శిక్షణ.